అరువు గొంతు

అక్టోబర్ 7, మంగళవారం

దయ్యం వేషం దొరికింది. నలభై ఏడేళ్ళొచ్చిన గొంతుకి మిగిలేవి రెండే: అమ్మ, దయ్యం. అమ్మ వేషాలకి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ వాళ్ళని పిలుస్తున్నారు. కాబట్టి దయ్యం.

పద్నాలుగేళ్ళు పిల్లల కార్యక్రమంలో నక్కపిల్లకి గొంతిచ్చాను. ఈ దేశంలో ఇప్పుడు ఇరవై చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా నా గొంతు విని పళ్ళు తోముకున్నవాళ్ళే. మూడేళ్ళ క్రితం ఆ కార్యక్రమం ఆపేశారు. నక్కపిల్లకి వీడ్కోలు సభ పెట్టారు, బొమ్మకి పూలగుత్తి ఇచ్చారు.

వేషం చెప్పింది తొగాషి, ఈ బొమ్మల సినిమా దర్శకుడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. స్వెట్టర్ మోచేతుల దగ్గర చిరిగి ఉంటుంది, కావాలనే చించుకున్నాడని నా అనుమానం.

"ఇది దయ్యం కాదండీ కురామోచిగారూ. మనసులో ఉండే భయం."

"ఆ భయానికి కాళ్ళు గీశారా? మన దయ్యాలకి కాళ్ళుండవు కదా."

"గీశామండీ."

"అయితే దయ్యం కాదులే," అన్నాను. నవ్వలేదు. మేధావులు నవ్వరు.

కథేమిటంటే, మిసావో అనే అమ్మాయి ఒక పెద్ద దుకాణంలో మైకులో ప్రకటనలు చదువుతుంది. తప్పిపోయిన పిల్లలు, తగ్గింపు ధరలు, తలుపులు మూసే వేళ. ఒక సెలవు రోజు ఇంట్లో ఉండగా ఫోన్ మోగుతుంది. ఎత్తితే తన గొంతే: "ఈ రోజు నేను పనికి వచ్చేశాను. నువ్వు ఇంట్లోనే ఉండు."

మిసావోకి గొంతు మినెగిషి హొనామి. ఇరవై ఏళ్ళు. ముగ్గురమ్మాయిల పాటల జట్టులో ఎడమ చివర నిలబడి చేతులూపేది. జట్టు విడిపోయింది, ఇప్పుడు నటిస్తుందట. నా పని ఆ ఫోన్‌లో గొంతు. అంటే ఆ పిల్ల గొంతుని నేను అనుకరించాలి. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నది ఇరవై ఏళ్ళదాన్ని అనుకరించడం!

మిసావో వేషానికి గొంతు పరీక్ష జరిగినప్పుడు ఎవరెవరు వెళ్ళారో నాకు తెలియదు.

అక్టోబర్ 14, మంగళవారం

మొదటి రికార్డింగు. బొమ్మలు ఇంకా పూర్తి కాలేదు, తెర మీద పెన్సిల్ గీతలే. మాట రావలసిన చోట రంగు గీత కనబడుతుంది: ఎర్రది వస్తే హొనామి, నీలం వస్తే నేను. గీత పోతే నోరు మూయాలి. ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. అయినా ఆ పిల్ల గీత వచ్చాక ఆలోచించుకుని మొదలుపెడుతుంది.

పేజీ తిప్పితే కొబ్బరి మట్ట లాగినంత చప్పుడు. గలగలలాడే గాజులొకటి. "అవి తీసెయ్," అన్నాను.

"క్షమించండి! మీకు ఇబ్బందిగా ఉందాండీ?"

"నాకు కాదు, మైకుకి. గాలి పొట్టలోంచి తీసుకో. మెడలోంచి కాదు. నువ్వు చేపవా?"

సౌండు గదిలో ఎవరో నవ్వారు. ఆ పిల్ల గాజులు తీసి జేబులో వేసుకుని, నడుం వంచి, "నేర్పుతున్నందుకు ధన్యవాదాలండీ," అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తొమ్మిది టేకులు. నాది ఒక్కటే.

అయితే తొగాషి నా టేకు విని ముఖం చిట్లించాడు. "బాగుందండీ. చాలా బాగుంది. కానీ ఆవిడ గొంతు కాదు. పెద్ద నటి ఆవిడలా చేస్తున్నట్టుంది."

అదేదో లోపమైనట్టు!

అక్టోబర్ 20, సోమవారం

హొనామి పాత రేడియో మాటలు, ఇంటర్వ్యూలు టేపు చేసి పంపారు. పొద్దున్నుంచి అవే విన్నాను. ఇష్టమైన తిండి: వాళ్ళమ్మ చేసే గుమ్మడికాయ కూర. భయపడేది: పావురాలు. ఇలాంటి దానికి ఒక సినిమా!

వింటూ వెంటనే అనడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. మధ్యాహ్నానికి నోరు సగం తిరిగింది.

అక్టోబర్ 23, గురువారం

కుదరలేదు. ఆ పిల్లకి తెలివి తక్కువ, నాకు ఆ తెలివితక్కువతనం రావడం లేదు.

అక్టోబర్ 29, బుధవారం

కుదిరింది.

స్క్రిప్టు వెనక అందరి ఫోన్ నంబర్లూ ఉన్న కాగితం అంటించారు. పదకొండు గంటలకి ఆ పిల్ల రేడియోలో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉండదు. చేశాను. ఆన్సరింగ్ మెషీన్ ఎత్తింది. "హొనామినండీ, ఇంట్లో లేను, మీ మాట చెప్పండి!" అని ఆ చిలక పలుకులు. కూత వినబడగానే అదే గొంతుతో అన్నాను: "ఈ రోజు నేను పనికి వచ్చేశాను. నువ్వు ఇంట్లోనే ఉండు."

పక్కపక్కన రెండూ విన్నాను కాబట్టి తెలిసింది. తేడా లేదు. వెంట్రుక వాసి కూడా లేదు.

ఇది అభ్యాసం. చిత్రకారుడు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడా? ఇదీ అంతే. ఒక్కసారి చాలు.

నవంబర్ 4, మంగళవారం

ఆ పిల్ల ఈ రోజు కళ్ళ కింద నల్లగా వచ్చింది. గాజులు లేవు. ఎర్ర గీత రాగానే నోరు తెరిచింది. ఫోన్ ఎత్తి తన గొంతే వినే దృశ్యం. "ఎవరు... ఎవరండీ మీరు?" అన్నది. అంతే. సౌండు గదిలో అందరూ కుర్చీల్లో ముందుకి జరిగారు. మొదటి టేకే.

తొగాషి పరుగెత్తుకొచ్చాడు. "మినెగిషిగారూ, ఎలా చేశారండీ అది?"

"తెలియదండీ," అంది.

నిజంగానే తెలియదు. నాకు తెలుసు. ఇక్కడ నటన ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ సంగతి సినిమా చివర పేర్లలో రాయరు.

నా నీలం గీతలు కూడా ఒక్క టేకులో అయిపోయాయి. "ఒళ్ళు జలదరించింది," అన్నాడు తొగాషి. వాడి ఒంటికి ఇప్పటికి తెలిసింది.

నవంబర్ 6, గురువారం

పొద్దున ఫోన్ మోగితే ఎత్తి "ఎవరండీ?" అన్నాను. అవతల నుంచి "క్షమించండమ్మా, వేరే నంబరుకి చేశాను," అని పెట్టేశారు. మా చెల్లెలు తొకియె. మళ్ళీ చేసింది.

"అక్కా, నువ్వేనా? ఇందాక ఎవరో చిన్నపిల్ల ఎత్తింది!"

"నేనే ఎత్తాను."

"పోక్కా! యాభై ఏళ్ళు దగ్గర పడి వేళాకోళాలు." తర్వాత వాళ్ళ ఊళ్ళో చేపలు ఎండబెట్టారో, పెర్సిమన్ పళ్ళు ఎండబెట్టారో ఏదో చెప్పింది. నేను వినడం లేదు. ఎందుకంటే ఫోన్ ఎత్తినప్పుడు నేను ఏ గొంతూ వేయాలనుకోలేదు.

చేపల కొట్టుకి వెళ్ళి కావలసింది వేలితో చూపించి తెచ్చుకున్నాను.

నవంబర్ 11, మంగళవారం

రికార్డింగు అయ్యాక మెట్ల దగ్గర హొనామి నా వెనకే వచ్చింది. "కురామోచిగారూ, ఒక్క నిమిషం ఉంటారా?"

"బస్సుంది."

"నా ఇంటి మెషీన్‌లో మెసేజిలు వస్తున్నాయండీ. మన సినిమాలో మాటలే. నా గొంతుతో."

"ఎవరో ఆకతాయి."

"నా గొంతండీ. మా మేనేజరుకి వినిపిస్తే, 'నువ్వే చేసి మర్చిపోయి ఉంటావు, ఇంటి బయటి నుంచి అభ్యాసం చేసుకుని ఉంటావు' అన్నారు. తొమ్మిది సార్లండీ. అన్నీ నేను ఇంట్లో లేనప్పుడే. నేనెప్పుడు ఉండనో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుందండీ?" చేతులు స్క్రిప్టుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "నేనే చేస్తున్నానేమోనండీ. చేసి, తెలియడం లేదేమో."

తొమ్మిదట! పిల్లలకి లెక్కలు రావు.

"నాకెందుకు చెబుతున్నావు?"

"మీరొక్కరే నన్ను తిడతారు. మిగతావాళ్ళందరూ బాగుంది బాగుంది అంటారు. మీరు అబద్ధం చెప్పరు కదండీ."

నిద్ర పోవడం లేదు, అందుకే ఊహించుకుంటున్నావు, వేడి పాలు తాగి పడుకో అన్నాను. మంచి సలహానే. ఎవరైనా అదే చెబుతారు.

బస్సు తప్పిపోయింది.

నవంబర్ 12, బుధవారం

ఈ రోజు చేయలేదు.

నవంబర్ 13, గురువారం

ఈ రోజూ చేయలేదు. చేయాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

నవంబర్ 14, శుక్రవారం

ఒక్కసారి. అలాగే మోగుతూ ఉంది, మెషీన్ ఎత్తలేదు. తీసేసినట్టుంది. ఎలా ఉందో కనుక్కుందామనే చేశాను. నా గొంతుతోనే మాట్లాడేదాన్ని.

మాట్లాడేదాన్ననే అనుకుంటున్నాను.

నవంబర్ 18, మంగళవారం

హొనామి ఇప్పుడు మైకు ముందు తప్ప మాట్లాడటం లేదు. చిన్న పుస్తకంలో రాసి చూపిస్తోంది. "గొంతు కాపాడుకుంటోంది, అసలైన నటి!" అంటున్నారు. వీళ్ళ మొహాలు.

మిసావో అద్దం ముందు కూర్చుని తనతో తాను పోట్లాడే దృశ్యం. ఎర్రగీత, నీలం గీత, ఎర్రగీత, నీలం గీత, ఒకదాని మీద ఒకటి. ఇద్దరం పక్కపక్క మైకుల దగ్గర నిలబడ్డాం. ఒక్క టేకు. తర్వాత అంతా కలిపి బొమ్మ లేకుండా వినిపించారు.

సగంలో హొనామి చెయ్యెత్తింది, బడిలో పిల్లలా. నోరు తెరిచి మాట్లాడింది.

"ఇందులో నేను ఏదండీ?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. మళ్ళీ అడిగింది, సౌండు అద్దం వైపు చూస్తూ, ఒక్కొక్కరినీ. "నేను ఏదండీ? దయచేసి చెప్పండి."

నవ్వు ఆగిపోయింది. సౌండు మనిషి కాగితాలు చూసి "మొదటిది... కాదు, ఆగండి" అన్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. నేను చెప్పాలి. నేను అబద్ధం చెప్పను కదా.

నాకూ తెలియలేదు.

హొనామి అక్కడే చెత్తబుట్ట పట్టుకుని వాంతి చేసుకుంది. వీపు నిమరడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఈ చేతులతోనే కదా నంబరు నొక్కింది.

నవంబర్ 19, బుధవారం

తొగాషి దగ్గరికి వెళ్ళాను. బొమ్మల గుట్టల మధ్య కూర్చుని కూరన్నం తింటున్నాడు. గోడ నిండా మిసావో ముఖాలు, భయపడ్డవి, ఒక్కోటి ఇంకోదానికంటే కొంచెం ఎక్కువగా. చెప్పేశాను. మెసేజిలు నేనే పెట్టానని చెప్పాను.

చెంచా ఆగింది. "ఎప్పట్నుంచి?"

"నెలాఖరు నుంచి."

లెక్క వేసుకున్నాడు. వాడి ముఖంలో లెక్క కనబడింది. ఫోన్ దృశ్యం, నాలుగో తారీకు, ఒక్క టేకు. "అదా," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆవిడకి చెప్పారా?"

"రేపు చెబుతాను."

"ఆఖరి రీలు ఇరవై అయిదున. ఆ తర్వాత చెప్పండి. ఆరు రోజులేగా కురామోచిగారూ. ఇప్పుడు చెబితే ఆవిడకి కోపం వస్తుంది. నాకు కోపం వద్దు, భయం కావాలి."

"ఆ పిల్ల నిన్న ఇక్కడ కక్కుకుంది."

"చూశాను," అన్నాడు. "మనందరం ఈ సినిమా కోసం ఏదో ఒకటి ఇస్తున్నాం." మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఛీ, అందామని నోరు తెరిచాను. ఏ ముఖం పెట్టుకుని అనగలను? వాడు నాలుగు ముద్దలు తినే దాకా అలా నిలబడి వచ్చేశాను.

నవంబర్ 21, శుక్రవారం

రెండు రోజులు పట్టింది. నిన్న వాళ్ళ వీధి దాకా వెళ్ళి, ఆవాలో ఏవో కొనుక్కుని తిరిగొచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం వెళ్ళాను. మూడో అంతస్తు. తలుపు గొలుసు పెట్టే ఉంచి, సందులోంచి చూసింది. జుట్టు దువ్వుకోలేదు.

"హొనామీ, నేను. చెప్పాల్సింది ఉంది."

ఉలిక్కిపడి తలుపు మూయబోయింది. ఎందుకో అప్పుడు తెలిసింది. వచ్చింది నా గొంతు కాదు. దగ్గాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కొత్తగా చేరినవాళ్ళకి నేర్పినట్టు, నాకు నేనే నేర్పుకుని మళ్ళీ అన్నాను. బొంగురుగా, పాతగా వచ్చింది. "ఆ మెసేజిలు నేను పెట్టాను. నువ్వు కాదు. ఒక్కటి కూడా నువ్వు కాదు."

తలుపు మూసుకోలేదు.

"ఎన్నండీ?"

"పదహారు."

ఇక్కడ ఒకటి, ఒక్కసారి, చేయలేదు అని రాశాను. పదహారు. దుకాణం దగ్గరి ఫోన్ నుంచి ఆరు, ఇంటి నుంచి పది. రాస్తే ఇలా ఉంటుంది.

"నేను డాక్టరు దగ్గరికి వెళ్ళానండీ," అంది హొనామి. గొంతు పైకి లేవలేదు. "మాత్రలు వేసుకుంటున్నా. మా అమ్మ ఊరి నుంచి వచ్చి నా పక్కన పడుకుంటోంది, నిద్రలో లేచి ఫోన్ చేస్తానేమోనని. నా చేతికీ తన చేతికీ తువ్వాలు కట్టుకుని పడుకుంటోంది. ఇప్పుడు కూరగాయలకి వెళ్ళింది. ఎందుకు చేశారు?"

ఎన్నో కారణాలు సిద్ధం చేసుకున్నాను, బస్సులో. అభ్యాసం. కళ. నీ మంచికే. గొలుసు సందులోంచి ఆ కన్ను చూస్తుంటే ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"మిసావో వేషానికి నేనూ పరీక్షకి వెళ్ళాను. నాకు రాలేదు."

కాసేపు ఎదురు చూసింది, ఇంకా ఏదో ఉందన్నట్టు. లేదని అర్థమైంది.

"అంతేనాండీ?" అంది. చిన్నగా నవ్వింది కూడా. "ఇంత భయపడ్డాను కదా, ఇంకేదో పెద్దది ఉంటుందనుకున్నాను."

తలుపు వేసుకుంది.

నా జీవితంలో ఎంతో మందిని ఎంతో మాట అన్నాను. అలా అనడం నాకు రాదు.

నవంబర్ 25, మంగళవారం

ఆఖరి రీలు. హొనామి రాలేదు. ఒంట్లో బాగాలేదని మేనేజరు ఫోన్ చేశాడు. తొగాషి నా వైపు చూసిన చూపు: చెప్పేశావు కదా.

దృశ్యం ఇది. సెలవు రోజున మిసావో దుకాణానికి వెళ్తుంది. మెట్లెక్కి ప్రకటనల గది తలుపు తీస్తుంది. తన కుర్చీలో తనలాంటిదే కూర్చుని ఉంటుంది. మిసావో అంటుంది: "లే. ఆ కుర్చీ నాది." అంతే. సినిమా మొత్తానికి ఆ అమ్మాయి భయపడకుండా అనేది ఆ మాటొక్కటే.

గంట ఎదురుచూశాం. తొగాషి నా పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"కురామోచిగారూ, ఎర్రగీత కూడా మీరే చెప్పెయ్యండి."

"నేనా?"

"ఎవరికీ తెలియదు. మీకే తెలియలేదుగా ఆ రోజు. పేరు ఆవిడదే ఉంటుంది, కానీ మనకి తెలుసు, ఆఖరి మాట ఎవరిదో. మీరు మొదట్లో వచ్చి అడిగిన వేషమేగా ఇది?"

ఇప్పుడు దాచుకోవడం దేనికి, సంతోషం వేసింది. లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. నా మైకు కాదు, ఆ పిల్లది. నా కంటే పొట్టి కాబట్టి కిందకి దించి ఉంది. నా ఎత్తుకి పెంచాను. తెర మీద మెట్లు. తలుపు. మిసావో చెయ్యి. ఎర్రగీత వచ్చింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. గీత పోయింది.

"మళ్ళీ ఇద్దాం," అన్నాడు తొగాషి, మైకులోంచి.

"వద్దు."

"గొంతు సర్దుకోండి, ఫర్వాలేదు."

"గొంతు బాగానే ఉంది. చెప్పను. ఆ మాట నేను చెప్పకూడదు. చెబితే ఇక ఆ పిల్ల ఎక్కడ నిలబడుతుంది?"

"ఇలా వెళ్ళిపోతే మిమ్మల్ని మళ్ళీ ఎవరూ పిలవరు. తెలుసుగా?"

"దయ్యాలని ఎవరూ పిలవరు, అవే వస్తాయి," అన్నాను. మంచి మాటే, కానీ కోటు గుండీలు తప్పుగా పెట్టుకున్నానని బస్సులో చూసుకున్నాను.

డిసెంబర్ 9, మంగళవారం

ఎవరూ పిలవలేదు.

జనవరి 30, శుక్రవారం

విడుదలకి ముందే సినిమా చూసిన విమర్శకులు పత్రికలో రాశారు. ఆఖరి దృశ్యంలో మిసావో పెదవులు కదులుతాయట, మాట వినబడదట. "ఆ మౌనంలో దర్శకుడి సాహసం" అని అరపేజీ. హొనామి ఆ తర్వాత కూడా రాలేదన్నమాట. గొంతు దొరక్క వదిలేసిన దాన్ని సాహసం అంటున్నారు. ఆ పత్రికలో ముల్లంగి ఆకులు చుట్టి పడేశాను.

ఫిబ్రవరి 21, శనివారం

పనిచేసిన వాళ్ళ కోసం మధ్యాహ్నం ఆట. కార్డు వచ్చింది కాబట్టి వెళ్ళాను. చివరి వరుస.

నాలుగు వరుసల ముందు హొనామి కూర్చుంది, పక్కన వాళ్ళమ్మ. బుగ్గలు కొంచెం తేరుకున్నాయి. సినిమా సంగతి రాయను. బాగుంది. అదే కోపం. తొగాషి లాంటి వాడు అంత బాగా తీయకూడదు. ఆ పిల్ల భయపడిన చోటల్లా నేను తల దించుకున్నాను, జనం మాత్రం ఆనందంగా కుర్చీలు గట్టిగా పట్టుకున్నారు.

ఆఖరికి మెట్లు. తలుపు. మిసావో పెదవులు కదిలాయి.

"లే. ఆ కుర్చీ నాది."

తెరలోంచి కాదు. నాలుగు వరుసల ముందు నుంచి. పెద్దగా అనలేదు, కానీ అందరికీ వినబడింది. తలలు తిరిగాయి. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. తొగాషి సగం లేచి, కూర్చున్నాడు. పెదవుల మీద అచ్చంగా పడింది మాట, గీత లేకుండా, అదెక్కడ మొదలవుతుందో ఎవరూ చూపించకుండా. ఆ గొంతు నాకు రాదు. ఎన్ని టేపులు విన్నా రాదు.

దీపాలు వెలిగాక ద్వారం దగ్గర ఎదురుపడ్డాం. తప్పుకోవడానికి చోటు లేదు.

"ఇందాక వినబడిందాండీ?" అంది హొనామి.

"వినబడింది. నిన్ను..." గొంతు సర్దుకున్నాను. "నేను చేసిన దానికి..."

"వద్దండీ. మీరు ఏ గొంతుతో చెప్పినా నాకు నమ్మకం కుదరదు."

అప్పుడే వాళ్ళమ్మ టోపీ వెతుక్కుని వచ్చింది. పొట్టి మనిషి, పల్లెటూరి బూట్లు. "ఈవిడెవరే?" అంటే, "కురామోచిగారమ్మా," అంది హొనామి. ఫోన్ల సంగతి చెప్పలేదు. ఆవిడ ముఖం విప్పారింది.

"అయ్యో, మీరేనా! మా పిల్ల చెప్పేది మొదట్లో, అందరిలోకీ మీరే తిట్టి నేర్పుతారని. పట్నంలో అలా తిట్టే దిక్కొకరు ఉన్నారని నేను ధైర్యంగా ఉండేదాన్నండీ." రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నడుం దాకా వంగింది. "మా అమ్మాయిని కనిపెట్టుకుని ఉన్నందుకు చాలా చాలా కృతజ్ఞతలండీ."

హొనామి నా వైపు చూడలేదు. వాళ్ళమ్మ వీపు మీద చెయ్యి వేసి ఉంది.

నేను ఆవిడ కంటే కిందకి వంగాను. అలాగే ఉన్నాను, చాలాసేపు. తల ఎత్తేసరికి ఇద్దరూ స్టేషన్ వైపు మలుపు తిరిగిపోయారు.